ఐరోపా ఏకీకరణకు ఓటర్ల వ్యతిరేకత: భిన్న రాజకీయ మూలాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పశ్చిమ ఐరోపా దేశాలు తమ అధికారాల్లో కొన్నింటిని ఉమ్మడి సంస్థలకు అప్పగిస్తూ వచ్చాయి. బొగ్గు, ఉక్కుతో మొదలైన ఈ క్రమం వ్యవసాయం, వాణిజ్యం, కార్మికుల రాకపోకలు, కరెన్సీ, సరిహద్దుల దాకా విస్తరించి ఇవాళ 27 దేశాల ఐరోపా సమాఖ్యగా నిలిచింది. దీన్నే ఐరోపా ఏకీకరణ అంటారు. దీన్ని పూర్తిగా గానీ, కొంతమేరకు గానీ కాదనే ధోరణికి యూరోస్కెప్టిసిజం అని పేరు.

ఈ ధోరణి ఏ ఒక్క పార్టీ సొత్తు కాదు. కమ్యూనిస్టులు, కార్మిక సంఘాలు, పర్యావరణవాదులు, రైతులు, మత్స్యకారులు, చర్చి భక్తులు, స్వేచ్ఛా మార్కెట్ సమర్థకులు, జాతీయవాదులు, వలసల వ్యతిరేకులు అందరూ ఏదో ఒక దేశంలో, ఏదో ఒక ఏడాది 'వద్దు' అని ఓటు వేసినవాళ్ళే. ఓట్లు ఒకే పెట్టెలో పడతాయి, కారణాలు మాత్రం ఎదురెదురు దిక్కుల నుంచి వస్తాయి. స్థూలంగా చూస్తే వామపక్ష ఓటరుకు సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్ చేసే పని నచ్చదు. మితవాద ఓటరుకు ఆ పని చేసే అధికారం బ్రస్సెల్స్‌కు ఉండటమే నచ్చదు. ఈ తేడా గమనించకుండా ఓట్లన్నిటినీ ఒకే గాటన కట్టినందువల్లే ఐరోపా నాయకులు 1992 నుంచి ఒక్కో ప్రజాభిప్రాయ సేకరణ ఫలితం చూసి నివ్వెరపోతూ వచ్చారు.

తొలి దశ: మౌనాంగీకారం

1951లో పారిస్ ఒప్పందంతో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కలిసి బొగ్గు, ఉక్కు సమాజాన్ని ఏర్పరచుకున్నాయి. మరుసటి ఏడాది ఉమ్మడి సైన్యం కోసం ఐరోపా రక్షణ సమాజ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ ప్రతిపాదన తెచ్చింది ఫ్రాన్సే. 1954 ఆగస్టు 30న 264 మీద 319 ఓట్లతో దాన్ని అటకెక్కించిందీ ఫ్రెంచి పార్లమెంటే. ఆ రోజు కమ్యూనిస్టులు, ఫ్రాన్స్ యుద్ధకాల నాయకుడు జనరల్ డిగాల్ అనుచరులు ఒకే వైపు ఓటు వేశారు. జర్మనీ చేతికి మళ్ళీ తుపాకులు ఇచ్చి అమెరికా వెనుక నిలబెట్టే పన్నాగంగా కమ్యూనిస్టులు దాన్ని చూశారు. సొంత సైన్యం లేని ఫ్రాన్స్‌కు గౌరవమేముందని డిగాల్ వర్గం అడిగింది. ఫలితం తేలగానే ఓడించినవాళ్ళు సభలోనే జాతీయగీతం అందుకున్నారు. తర్వాతి డెబ్బై ఏళ్ళలో ఎన్నోసార్లు తిరిగొచ్చిన జోడీ ఇది.

అయితే ఆనాడు ఇదంతా పార్లమెంటు గోడల మధ్య జరిగింది. సుంకాలు, గోధుమ ధరలు, ఉక్కు కోటాల గురించి సామాన్య ఓటరు పెద్దగా పట్టించుకోలేదు. జనం అడ్డు చెప్పడం లేదు కాబట్టి పెద్దలు ముందుకు సాగుతున్నారని 1970లో లియాన్ లిండ్‌బర్గ్, స్టువర్ట్ షైన్‌గోల్డ్ అనే పరిశోధకులు గుర్తించారు. ఆ మౌనాంగీకారం 1992లో చెదిరింది. మాస్ట్రిక్ట్ ఒప్పందం ఉమ్మడి కరెన్సీని, ఐరోపా పౌరసత్వాన్ని తెచ్చింది. డెన్మార్క్ ఓటర్లు జూన్ 2న 50.7 శాతం మెజారిటీతో దాన్ని తిరస్కరించారు. సెప్టెంబరు 20న ఫ్రాన్స్ కేవలం 51 శాతంతో గట్టెక్కించింది. ఫ్రాన్స్‌లో వ్యతిరేక ప్రచారానికి ముందు నిలిచినవాళ్ళలో డిగాల్ రాజకీయ వారసుల్లో ఒకడైన ఫిలిప్ సెగాన్ ఉన్నాడు, సోషలిస్టు జాన్ పియెర్ షెవెన్‌మాన్ ఉన్నాడు, కమ్యూనిస్టులు, లెపెన్ నాయకత్వంలోని జాతీయవాద నేషనల్ ఫ్రంట్ కూడా ఉన్నారు.

వామపక్ష అభ్యంతరం: మార్కెట్ ముందు, మనిషి తర్వాత

వామపక్ష వ్యతిరేకత అర్థం కావాలంటే స్టాక్‌హోమ్ దగ్గరి వాక్స్‌హోమ్ అనే చిన్న పట్టణంలోని ఒక బడి సంగతి తెలుసుకోవాలి. 2004లో ఆ బడి భవనం పనుల కాంట్రాక్టు లాట్వియా సంస్థ లావల్‌కు దక్కింది. సంస్థ తన దేశం నుంచే కార్మికులను తెచ్చుకుంది. స్వీడన్‌లో చట్టం నిర్ణయించిన కనీస వేతనం లేదు. ఏ రంగంలో ఎంత కూలి అన్నది యాజమాన్యాలు, సంఘాలు కూర్చుని తేల్చుకుంటాయి. స్వీడన్ రేట్లతో ఒప్పందం చేసుకోమని భవన నిర్మాణ కార్మికుల సంఘం అడిగింది. లావల్ ఒప్పుకోలేదు. సంఘం పని స్థలాన్ని దిగ్బంధించింది, ఎలక్ట్రీషియన్ల సంఘం తోడు వచ్చింది, పని ఆగింది. సంస్థ కోర్టుకెక్కింది. 2007 డిసెంబరు 18న ఐరోపా న్యాయస్థానం, సమ్మె చేయడం ప్రాథమిక హక్కేనంటూనే, ఇక్కడ జరిగిన దిగ్బంధం సేవల స్వేచ్ఛకు అడ్డు తగిలిందని తీర్పు చెప్పింది. తర్వాత స్వీడన్ కార్మిక న్యాయస్థానం సంఘాల చేతే పరిహారం కట్టించింది.

దశాబ్దాల బేరసారాలతో నిలబెట్టుకున్న ఏర్పాటు లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం తీర్పుతో సడలిపోతే, ఆ సంఘం సభ్యుడు ఐరోపా సమాఖ్యను శంకించడంలో ఆశ్చర్యం లేదు. అతని కోపం లాట్వియా కార్మికుడి మీద కానక్కరలేదు. ఒకే పనికి ఒకే కూలి అన్న సూత్రం దెబ్బతినడం మీద. జర్మన్ రాజకీయ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షార్ప్ దీని వెనకున్న నిర్మాణాన్ని చాలా ఏళ్ళ కిందటే వివరించాడు. దేశాల మధ్య అడ్డంకులు తొలగించే పని ఐరోపా ఒప్పందాల బలంతో, కోర్టు తీర్పులతో సులువుగా సాగిపోతుంది. ఉమ్మడి పన్నులు, ఉమ్మడి సంక్షేమం వంటివి కొత్తగా నిర్మించాలంటే మాత్రం ప్రభుత్వాలన్నీ ఒప్పుకోవాలి, అది ఎప్పటికో గానీ కుదరదు. అందుకే మార్కెట్ పెరిగినంతగా రక్షణ పెరగలేదు. వామపక్ష వాదాల్లో ఇంతకన్నా గట్టిది మరొకటి కనబడదు.

2005లో ఫ్రాన్స్ ఓటర్లు ఐరోపా రాజ్యాంగ ఒప్పందాన్ని తిప్పికొట్టినప్పుడు ఇదే వాదం పల్లెపల్లెకూ చేరింది. అంతకుముందు ఏడాది ఐరోపా కమిషనర్ ఫ్రిట్స్ బోల్కెస్టైన్ ఒక ముసాయిదా తెచ్చాడు. సేవలందించే సంస్థ ఏ దేశంలో పనిచేసినా తన సొంత దేశం నిబంధనలే పాటిస్తే చాలన్నది అందులో ప్రధానాంశం. దానితో 'పోలండ్ ప్లంబర్' అన్న మాట ఫ్రాన్స్ అంతటా పాకింది. సోషలిస్టు ఓటరుకు ఆ ప్లంబరు కూలి రేట్లు పడిపోవడానికి సంకేతం. జాతీయవాది ఫిలిప్ ద విలియే సభల్లో అదే ప్లంబరు దేశం లోపలికి వచ్చే పరాయివాడు. మనిషి ఒక్కడే, అతన్ని చూసి భయపడ్డవాళ్ళకు ఉన్న కారణాలు రెండు. పోలండ్ పర్యాటక సంస్థ అందగాడైన ప్లంబరు బొమ్మతో, నేను పోలండ్‌లోనే ఉంటున్నాను, మీరే రండి అన్న అర్థం వచ్చే పోస్టరు వేసి బదులు చెప్పింది. సోషలిస్టు పార్టీ అంతర్గత ఓటింగులో సమర్థకులే గెలిచినా, మాజీ ప్రధాని లారాన్ ఫబియస్ వ్యతిరేక శిబిరంలో నిలిచాడు. మే 29న 54.7 శాతం 'నాన్' (వద్దు) అన్నారు. కార్మికుల్లో దాదాపు ఐదింట నలుగురు వద్దనే ఓటు వేశారని సర్వేలు చూపాయి. మూడు రోజులకు నెదర్లాండ్స్ 61.5 శాతంతో అదే మాట చెప్పింది. అక్కడ ఎడమ వైపు సోషలిస్టు పార్టీ, కుడి వైపు గీర్ట్ విల్డర్స్ వేర్వేరు సభల్లో ప్రచారం చేశారు.

యూరో సంక్షోభం: రెండు వ్యతిరేక ఫిర్యాదులు

2010 తర్వాత వచ్చిన అప్పుల సంక్షోభంలో ఈ చీలిక మరింత స్పష్టంగా బయటపడింది. గ్రీస్‌కు ఇచ్చిన రుణాలకు బదులుగా పింఛన్లు, జీతాలు, ప్రభుత్వ ఖర్చు కోయాలని ఐరోపా కమిషన్, ఐరోపా కేంద్ర బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) షరతులు పెట్టాయి. 2013 నాటికి అక్కడ నిరుద్యోగం 27 శాతం దాటింది, యువతలో సగానికి పైగా పని లేనివాళ్ళే. 2015 జనవరిలో వామపక్ష సిరిజా గెలిచి, జాతీయవాద మితవాద పార్టీ అయిన ఇండిపెండెంట్ గ్రీక్స్‌తో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పన్నుల మీద, చర్చి మీద, వలసల మీద పొసగని ఈ రెండు పార్టీలనూ కలిపింది రుణదాతల మీద ఆగ్రహమే. జులై 5న 61.3 శాతం ఓటర్లు షరతులు వద్దన్నారు. వారం తిరిగేసరికి ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ మరో రుణ ఒప్పందానికి తలవంచాల్సి వచ్చింది. షరతులను కాదన్నవాళ్ళలో చాలామంది యూరోను వదులుకోవాలని మాత్రం కోరుకోలేదు.

ఇదే సమయంలో ఉత్తరాది ఓటరు కోపం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది. మా పన్నులతో గ్రీస్‌ను, పోర్చుగల్‌ను ఎందుకు ఆదుకోవాలన్నది అతని ప్రశ్న. ఫిన్లండ్‌లో టిమో సోయిని నాయకత్వంలోని ట్రూ ఫిన్స్ పార్టీ 2011లో ఒక్కసారిగా 19.1 శాతం ఓట్లు తెచ్చుకుంది. జర్మనీలో 2013లో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ బెర్న్‌డ్ లుకె తదితరులు ఆల్టర్నేటివ్ ఫర్ జర్మనీని స్థాపించినప్పుడు దాని ప్రధాన నినాదం యూరోకు, రుణ సాయాలకు వ్యతిరేకతే. రెండేళ్ళకు పార్టీ వలసల వ్యతిరేకులకు దక్కింది, లుకె బయటకు వెళ్ళిపోయాడు. ఆథెన్స్‌లో మరీ కఠినం, హెల్సింకీలో మరీ ఉదారం అనిపించుకున్నది ఒకే ఐరోపా విధానం.

మితవాద అభ్యంతరం: మా చట్టం మేమే చేసుకోవాలి

మితవాదుల వ్యతిరేకతలో రెండు పాయలున్నాయి, వాటి మధ్యా పొత్తు అంత తేలిక కాదు. ఒకటి స్వేచ్ఛా మార్కెట్ పాయ. ఉమ్మడి మార్కెట్ కావాలి గానీ బ్రస్సెల్స్ నిబంధనలు వద్దంటుంది. చెక్ నాయకుడు వాట్స్‌లవ్ క్లౌస్ దీనికి మంచి ఉదాహరణ. రెండోది జాతీయవాద పాయ. భాష, మతం, సరిహద్దు, పౌరసత్వం తమ చేతుల్లో ఉండాలన్నది దాని పట్టు. ఇప్పుడు ఓట్లు ఎక్కువ రాబడుతున్నది ఈ రెండోదే.

మధ్య ఐరోపాలో ఇది ప్రత్యేక రూపం తీసుకుంది. పోలండ్‌లో 2003లో 77 శాతానికి పైగా ఓటర్లు చేరికకు అవునన్నారు. ఆ చేరికను నడిపించింది మాజీ కమ్యూనిస్టుల నుంచి పుట్టిన వామపక్ష ప్రభుత్వమే. వద్దన్నవాళ్ళలో ఎక్కువమంది కాథలిక్ సంప్రదాయవాదులు, భూములు జర్మన్ల పరమవుతాయని భయపడ్డ రైతులు. ఆ భయం ఎంత బలమైనదంటే, విదేశీయులకు సాగుభూమి అమ్మకంపై 12 ఏళ్ళ పరిమితిని చేరిక ఒప్పందంలోనే రాయించుకున్నారు. మాస్కో పెత్తనం నుంచి 1989లో బయటపడ్డ జాతులకు ఇంకో రాజధాని నుంచి వచ్చే ఆదేశం సులభంగా మింగుడుపడదు. 2015 సెప్టెంబరులో 1,20,000 మంది శరణార్థులను సభ్యదేశాలకు పంచాలని మెజారిటీ ఓటుతో నిర్ణయించినప్పుడు హంగరీ, చెక్ రిపబ్లిక్, స్లొవేకియా, రుమేనియా వ్యతిరేకించాయి. మరుసటి ఏడాది హంగరీ రిఫరెండంలో చెల్లిన ఓట్లలో 98 శాతం ఈ శరణార్థుల కోటాకు వ్యతిరేకంగా పడ్డా, సగం మంది ఓటర్లైనా రాకపోవడంతో అది చెల్లకుండా పోయింది. ఈ దేశాల ఓటర్లలో అత్యధికులు సభ్యత్వాన్ని వదులుకోవాలనుకోవడం లేదు. నిధులు, ఉద్యోగాలు, రాకపోకలు కావాలి, కోర్టుల మీద, వలసల మీద బ్రస్సెల్స్ మాట మాత్రం వద్దు.

బ్రిటన్: పార్టీలు తావులు మార్చుకున్న దేశం

ఎడమ, కుడి అన్నవి ఈ విషయంలో స్థిరమైన చిరునామాలు కావని బ్రిటన్ చరిత్ర చెబుతుంది. 1975 జూన్ 5న జరిగిన తొలి రిఫరెండంలో 67.2 శాతం సభ్యత్వం కొనసాగాలన్నారు. అప్పుడు కన్సర్వేటివ్ నాయకురాలు మార్గరెట్ థాచర్ ఐరోపా దేశాల జెండాల స్వెట్టర్ వేసుకుని అనుకూల ప్రచారానికి దిగింది. వద్దన్నవాళ్ళలో లేబర్ మంత్రులు టోనీ బెన్, మైకేల్ ఫుట్, బార్బరా క్యాజిల్ ఉన్నారు, వాళ్ళకు బొత్తిగా పడని మితవాది ఈనక్ పవెల్ కూడా ఉన్నాడు. పరిశ్రమలను జాతీయం చేసి ప్రణాళికతో నడపడానికి ఐరోపా నిబంధనలు అడ్డొస్తాయన్నది బెన్ వాదం. పార్లమెంటు సార్వభౌమత్వం పోతుందన్నది పవెల్ వాదం. 1983లో కూడా లేబర్ మేనిఫెస్టో నిష్క్రమణనే కోరింది.

మార్పు 1988 సెప్టెంబరులో కంటికి కనిపించింది. 8వ తేదీన బోర్న్‌మత్‌లో కార్మిక సంఘాల మహాసభకు ఐరోపా కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ వచ్చి, ఉమ్మడి మార్కెట్‌తో పాటు కార్మికుల హక్కులూ వస్తాయని హామీ ఇచ్చాడు. దేశంలో థాచర్ చేతిలో వరుసగా ఓడిపోతున్న సంఘాల ప్రతినిధులు ఆయన పేరుతో పాట పాడి స్వాగతించారు. పన్నెండు రోజుల తర్వాత బెల్జియంలోని బ్రూజ్‌లో థాచర్ గట్టిగా బదులిచ్చింది. స్వదేశంలో ప్రభుత్వ జోక్యాన్ని తగ్గించింది బ్రస్సెల్స్ నుంచి దాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి కాదన్నది ఆమె సారాంశం. అప్పటి నుంచి లేబర్ అనుకూలతకు, కన్సర్వేటివ్‌లు వ్యతిరేకతకు జరుగుతూ వచ్చారు. ఓటర్లు కొత్త గీత ప్రకారం అంత శుభ్రంగా విడిపోలేదు.

2004లో పోలండ్ తదితర దేశాలు చేరినప్పుడు బ్రిటన్ తన ఉద్యోగ మార్కెట్‌ను వెంటనే తెరిచింది. ఏడాదికి 13,000 మందికి మించి రారన్న ముందస్తు అంచనా పూర్తిగా తప్పింది. లింకన్‌షైర్‌లోని బోస్టన్ చుట్టూ కూరగాయల పొలాలకు, ప్యాకింగ్ షెడ్లకు తూర్పు ఐరోపా నుంచి వేలమంది వచ్చారు. ఇళ్ళ అద్దెలు, ఆసుపత్రి వరుసలు, పొలం కూలి రేట్లు అక్కడ రోజువారీ మాటలయ్యాయి. 2016 జూన్ 23న ఆ పట్టణం 75.6 శాతంతో నిష్క్రమణకు ఓటు వేసి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. దేశం మొత్తం మీద 51.9 శాతం. అంతకుముందు ఎన్నికల్లో లేబర్‌కు ఓటు వేసినవాళ్ళలో మూడింట ఒకవంతుకు పైగా నిష్క్రమణను ఎంచుకున్నారు, ఆ పార్టీ గెలిచిన నియోజకవర్గాల్లో మాత్రం సగానికి పైగా అటే మొగ్గాయి.

దక్షిణాసియా మూలాలున్న ఓటర్లలోనూ సుమారు మూడోవంతు నిష్క్రమణ వైపే నిలిచారు. ఐరోపావాళ్ళకు తలుపులు బార్లా తెరిచి మనవాళ్ళకు వీసా కష్టాలా అన్న అసంతృప్తి వాళ్ళలో ఉంది. రెస్టారెంట్లకు వంటవాళ్ళు దొరుకుతారన్న మాట ప్రచారంలో వినిపించింది. 2021 జనవరి నుంచి వీసాలకు పాయింట్ల విధానం వచ్చాక హైదరాబాద్ ఇంజినీరుకూ వార్సా ఇంజినీరుకూ వీసా నిబంధనలు ఒకటే అయ్యాయి. నిష్క్రమణ కోరిన బోస్టన్ ఓటరు ఆశించింది మాత్రం ఇది కాదు. సింగపూర్ తరహా స్వేచ్ఛా వాణిజ్యం కోరినవాళ్ళు, ఫ్యాక్టరీలకు రక్షణ కోరినవాళ్ళు, వలసలు తగ్గాలన్నవాళ్ళు కలిస్తేనే ఆ మెజారిటీ వచ్చింది. ఏ తరహా నిష్క్రమణ (బ్రెగ్జిట్) అన్న ప్రశ్న రాగానే అది విచ్చిపోయింది. 2019 జనవరి 15న ప్రధాని థెరిసా మే తెచ్చిన నిష్క్రమణ ఒప్పందం పార్లమెంటులో 202 మీద 432 ఓట్లతో ఓడిపోయింది.

చేపలు, పొలాలు, దూరం

ఎడమ, కుడి లెక్కకు అందని వ్యతిరేకత కూడా ఉంది. నార్వే 1972లో 53.5 శాతంతో, 1994లో 52.2 శాతంతో సభ్యత్వాన్ని తిరస్కరించింది. రెండుసార్లూ ఓస్లో అవునంది, ఉత్తరాన ఉన్న ఫిన్‌మార్క్ గట్టిగా కాదంది. తమ సముద్రంలో స్పెయిన్ ట్రాలర్లు దిగితే తమ బతుకేమవుతుందన్నది అక్కడి మత్స్యకారుడి ప్రశ్న. ధ్రువ ప్రాంతంలో సబ్సిడీ మీద బతికే రైతు, సంక్షేమ రాజ్యాన్ని నమ్ముకున్న ప్రభుత్వోద్యోగిని, మద్య నిషేధాన్ని కోరే భక్తుడు, వామపక్ష సోషలిస్టు ఒకే శిబిరంలో చేరారు. రాజధానికే దూరమైన వాళ్ళకు బ్రస్సెల్స్ ఇంకా దూరం.

గ్రీన్‌లాండ్ అయితే ఏకంగా బయటకు వచ్చేసింది. డెన్మార్క్‌తో పాటు ఇష్టం లేకుండానే చేరిన ఆ ద్వీపం 1979లో స్వపరిపాలన పొంది, 1982లో 53 శాతంతో నిష్క్రమణకు ఓటు వేసి, 1985లో విడిపోయింది. కారణం చేపల వేట హక్కులే. స్కాట్లండ్‌కు ఉత్తరాన షెట్లండ్, పడమట వెస్టర్న్ ఐల్స్ 1975లో బ్రిటన్ మొత్తంలో వద్దన్న రెండే ప్రాంతాలు. 2016లో ఆ రెండూ కొనసాగాలని ఓటు వేశాయి. సిద్ధాంతాలతో దీన్ని వివరించడం కష్టం, స్థానిక లాభనష్టాలు చూస్తేనే అర్థమవుతుంది.

పరిశోధకులు చెప్పేది

కేంద్ర స్థానంలోని పార్టీలు ఏకీకరణకు అనుకూలం, రెండు కొసల పార్టీలు వ్యతిరేకం అన్నది చాలా కాలం ఆమోదం పొందిన చిత్రం. దశాబ్దాలుగా అధికారంలో ఉన్న పార్టీలే ఐరోపా సమాఖ్యను నిర్మించాయి కాబట్టి బయటున్నవాళ్ళు దాన్ని తిట్టడం సహజమని పాల్ టాగర్ట్ 1998లో రాశాడు. లీస్‌బెట్ హూగ్, గ్యారీ మార్క్స్ దీనికి రెండో గీతను కలిపారు. ఆర్థికంగా ఎడమా కుడా అన్నది ఒక గీత. సంప్రదాయం, జాతి, అధికారం వైపా, స్వేచ్ఛా జీవనం, పర్యావరణం వైపా అన్నది ఇంకొకటి. మితవాద వ్యతిరేకత ఎక్కువగా ఈ రెండో గీత మీద నుంచి పుడుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఎరికా వాన్ ఎల్సాస్, ఆర్మెన్ హక్వెర్దియన్, వౌటర్ వాన్ డర్ బ్రుగ్ 2016లో చూపిన సంగతి ఇంకా ముఖ్యమైనది: వామపక్ష విమర్శకులు ఇప్పటి సమాఖ్య పనితీరు మీద అసంతృప్తితో ఉన్నా మరింత ఏకీకరణకు తప్పనిసరిగా వ్యతిరేకులు కారు, మితవాద విమర్శకులు రెండింటినీ కాదంటారు.

ప్రభుత్వం మీది కోపాన్ని ఐరోపా మీద తీర్చుకుంటారన్న వివరణ కూడా ఉంది. కొన్ని ఫలితాలకు అది సరిపోతుంది. 2008 జూన్‌లో ఐర్లండ్ 53.4 శాతంతో, ఓడిన రాజ్యాంగ ఒప్పందం స్థానంలో వచ్చిన లిస్బన్ ఒప్పందాన్ని తిరస్కరించిన తీరు చూస్తే మాత్రం అంతకు మించి ఏదో ఉందని తెలుస్తుంది. షిన్ ఫేన్ పార్టీ దేశ సైనిక తటస్థత గురించి, కార్మిక హక్కుల గురించి మాట్లాడింది. కాథలిక్ సంస్థలు గర్భస్రావ చట్టం గురించి హెచ్చరించాయి. వ్యాపారవేత్త డెక్లన్ గ్యాన్లీ స్థాపించిన లిబర్టాస్ కంపెనీ పన్ను గురించి ఆందోళన పడింది. తటస్థత, పన్ను, జీవన హక్కులపై హామీలిచ్చి, ఐరోపా కమిషన్‌లో దేశానికో కమిషనర్ ఉంటారని ఒప్పుకున్నాక 2009 అక్టోబరులో 67.1 శాతం అవునన్నారు. ఒక్కో వర్గం భయానికి ఒక్కో జవాబు చెప్పినప్పుడే ఆ ఫలితం మారింది.

2016 తర్వాత

బ్రిటన్ అవస్థ చూశాక నిష్క్రమణ డిమాండ్ చాలా చోట్ల వెనక్కు తగ్గింది. ఫ్రాన్స్ జాతీయవాద నాయకురాలు మరీన్ లెపెన్ 2017 అధ్యక్ష ఎన్నికల్లో ఓడాక యూరోను వదలాలన్న హామీని పక్కన పెట్టింది. స్వీడన్‌లో వామపక్ష పార్టీ, మితవాద స్వీడన్ డెమొక్రాట్లు 2019లో దాదాపు ఒకేసారి నిష్క్రమణ కోరికను వదులుకున్నాయి. వ్యతిరేకత మాత్రం పోలేదు, లోపల ఉండి మార్చాలన్న రూపం తీసుకుంది. ఐరోపా పార్లమెంటులో ఈ విమర్శకులు ఎడమ, కుడి చివరల వేర్వేరు బృందాలుగానే కూర్చుంటారు.

రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక, మాస్ట్రిక్ట్ నాటి తిరస్కరణ తర్వాత ఉమ్మడి రక్షణ విధానం నుంచి తెచ్చుకున్న మినహాయింపును డెన్మార్క్ 2022 జూన్ 1న 66.9 శాతం ఓట్లతో రద్దు చేసుకుంది. సమాఖ్య సైనిక కూటమిగా మారుతుందని వామపక్ష రెడ్ గ్రీన్ కూటమి, దేశ సార్వభౌమత్వం పోతుందని మితవాద డేనిష్ పీపుల్స్ పార్టీ దాన్ని వ్యతిరేకించాయి. 2000లో యూరో మీద, 2015లో న్యాయ వ్యవహారాల మీద డేనిష్ ఓటర్లు చెప్పిన 'కాదు'లు ఇప్పటికీ అమల్లో ఉన్నాయి.